విరుంగా గిరులు - కార్ల్ ఏక్లీ

ఆఫ్రికా ఖండం నడిబొడ్డున, కాంగో, రువాండా, ఉగాండా దేశాల సరిహద్దులు కలిసే చోట ఎనిమిది అగ్నిపర్వతాలు బారులు తీరి నిలిచి ఉన్నాయి. వీటికి విరుంగా పర్వతాలని పేరు. వీటిలో ఆరు నిద్రాణస్థితిలో ఉన్నవి. పడమటి దిక్కున ఉన్న నైరాగోంగో, న్యాములాగిరా అనే రెండు మాత్రం ఇప్పటికీ రగులుతూనే ఉన్నాయి. నైరాగోంగో శిఖరబిలంలో ఎర్రని లావా ఒక చెరువువలె నిలుస్తుంది. 1977, 2002, 2021 సంవత్సరాలలో ఆ చెరువుకు గండిపడి లావా పల్లానికి పరుగులు తీసింది. 2002లో అది గోమా పట్టణం నడుమ నుండి ప్రవహించి కీవూ సరస్సులో కలిసింది. ఇంత భయంకరమైన భూమి ఒడిలోనే, ప్రాణికోటిలో మనిషికి అతి సమీప బంధువులలో ఒకటైన కొండ గొరిల్లా నివసిస్తున్నది.

ఈ కొండలు భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దూరంలోనే ఉన్నా, ఎత్తు మూలాన రాత్రివేళ ఎముకలు కొరికే చలి ఉంటుంది. అడుగున బంగాళాదుంప, చిక్కుడు పండించే పొలాలు. వాటిని దాటితే వెదురు అడవి. ఇంకా పైకి పోతే హగేనియా అనే మహావృక్షాలు. వాటి కొమ్మల నిండా నాచు జడలు కట్టి వ్రేలాడుతూ ఉంటుంది. నేలంతా దురదగొండి, నీటికాడల మొక్కలు. ఆపైన మనిషి ఎత్తును మించి పెరిగిన లొబీలియాలు, చిట్టచివర వట్టి రాతినేల. అన్నిటిలో ఎత్తైన కరిసింబి 4,507 మీటర్లు. దాని ప్రక్కనే ఉన్న మికెనో 4,437 మీటర్లు. ఆకులు, కాడలు, వెదురు మొలకలు మేస్తూ, ప్రతి సాయంత్రం కొత్తగా ఆకుల పడక పరచుకొని నిద్రిస్తూ గొరిల్లా కుటుంబాలు ఈ అడవిలో తిరుగాడుతూ ఉంటాయి. కుటుంబానికి పెద్ద, వీపుమీద వెండిరంగు వెంట్రుకలున్న మగ గొరిల్లా.

మికెనో, కరిసింబి శిఖరాల నడుమ మూడువేల మీటర్లకు పైబడిన ఎత్తులో కబారా అనే పచ్చిక మైదానం ఒకటి ఉన్నది. అక్కడ ఒక అమెరికా దేశీయుని సమాధి ఉన్నది. ఆయన ఈ కొండలకు మొదట వచ్చింది గొరిల్లాలను చంపడానికి. రెండవసారి వచ్చింది వాటిని కాపాడే ప్రయత్నంలో. ఆయన పేరు కార్ల్ ఈథన్ ఏక్లీ.

ఏక్లీ 1864 మే 19వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని క్లారెండన్ అనే పల్లెలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. చదువు అంతంతమాత్రమే. పొరుగింటివారి పంజరంలోని పిట్ట ఒకటి చనిపోగా, దానిని చర్మం చెడకుండా సిద్ధంచేసి, బ్రతికి ఉన్నట్లే కూర్చోబెట్టి ఇచ్చాడట ఆ బాలుడు. చచ్చిన జంతువు చర్మాన్ని ఒలిచి, దానికి మళ్ళీ ప్రాణమున్నట్టి రూపం కల్పించే ఈ విద్యను టాక్సిడెర్మీ అంటారు. బ్రాక్‌పోర్టులో డేవిడ్ బ్రూస్ అనే ఆయన వద్ద కొంత నేర్చుకొని, అక్కడి నుండి రాచెస్టరులో మ్యూజియములకు జంతురూపాలను సరఫరా చేసే వార్డ్ సంస్థలో ఏక్లీ చేరాడు. వారానికి మూడున్నర డాలర్ల జీతం. తిండికీ బసకూ చాలని ఆ జీతంతో పగలంతా పనిచేస్తూ ఆ యువకుడు నేర్చినదేమంటే, ఆ సంస్థలో పని జరుగుతున్న తీరు సరియైనది కాదని!

ఆ కాలంలో తోలు సంచిలోకి గడ్డి కూరినట్లు కూరి, నాలుగు కర్రలమీద నిలబెట్టి, దానినే సింహమనీ లేడి అనీ చూపేవారు. కండ ఎక్కడ పొంగుతుందో, ఎముక ఎక్కడ పొడుచుకొని వస్తుందో ఎవరికీ పట్టదు. 1885లో కెనడాలో రైలు ఢీకొని మరణించిన జంబో అనే సర్కసు ఏనుగును నిలబెట్టే పనిలో ఏక్లీ కూడా పాలుపంచుకున్నాడు. మరుసటి సంవత్సరం మిల్వాకీ నగరపు మ్యూజియంలో చేరి, 1890లో మస్క్‌రాట్ అనే నీటి ఎలుకలను వాటి గూటితో, నీటితో, రెల్లుతో సహా ఒకే దృశ్యంగా అమర్చాడు. జంతువును దాని ఇంటిలోనే చూపించాలన్న ఆలోచనకు మ్యూజియముల చరిత్రలో ఇది తొలి మెట్లలో ఒకటి.

ఆయన పద్ధతిని కొంత వివరించవలసి ఉన్నది. మొదట చచ్చిన జంతువు కొలతలన్నీ తీసుకొనేవాడు. ముఖానికి ప్లాస్టరు అచ్చు తీసేవాడు. తర్వాత శిల్పి విగ్రహం చేసినట్లు బంకమట్టితో ప్రతి కండరాన్నీ, ప్రతి నరాన్నీ మలచేవాడు. ఆ మట్టి బొమ్మకు అచ్చు పోసి, అందులో కాగితపు గుజ్జుతోనూ తీగవలతోనూ తేలికైన గుల్ల రూపాన్ని తయారుచేసి, దానిపై అసలు చర్మాన్ని తొడిగేవాడు. కనుక ఆయన చేసిన జంతువు లోపల ఉన్నది గడ్డి కాదు, శిల్పం. ఆయన భార్య డీలియా మైనంతో ఒక్కొక్క ఆకునూ చేసి చెట్లను నిర్మించేది. చికాగో మ్యూజియం కొరకు నాలుగు ఋతువులలో లేళ్ళను చూపే దృశ్యాలను ఇద్దరూ ఏళ్ళ తరబడి శ్రమించి పూర్తిచేశారు. ఆమె శ్రమకు తగినంత కీర్తి దక్కలేదన్నది నిజం.

ఆయన ఆఫ్రికా ఖండంపై మొదటిసారి అడుగుపెట్టింది 1896లో, సోమాలీ దేశంలో. ఆ యాత్రలోనే ఆయనకు పేరు తెచ్చిన సంఘటన జరిగింది. గాయపడిన చిరుతపులి ఒకటి మీదికి దూకింది. తుపాకి చేజారింది. పులి నోటిలో చిక్కిన చేతిని వెనుకకు లాగుకొనుటకు బదులు పిడికిలిని దాని గొంతులోకే దూర్చి, మోకాళ్ళతో ప్రక్కటెముకలను నొక్కి, వట్టి చేతులతోనే దానిని చంపి బయటపడ్డాడు. ఆ పులి కళేబరం ప్రక్కన కట్లు కట్టిన చేతితో ఆయన నిలిచిన ఛాయాచిత్రం నేటికీ కనిపిస్తూ ఉంటుంది. కథ వినడానికి బాగున్నా, ఏక్లీ గొప్పతనం ఇందులో లేదని నా అభిప్రాయం.

ఆనాటి మ్యూజియం పండితుల తర్కం నేడు మనకు వింతగా తోస్తుంది. ఆఫ్రికా మృగాలు త్వరలోనే అంతరించిపోతాయి, కనుక అంతరించక మునుపే కొన్నింటిని చంపి భద్రపరచాలి అన్నదే ఆ తర్కం! నశించిపోతున్న దానిని భద్రపరచే పేరిట మరికొంత నశింపజేయడం. కాని ఆ కాలపు ప్రకృతి శాస్త్రజ్ఞులలో తుపాకి పట్టనివారు అరుదు. మన సలీం అలీ గారి పక్షిశాస్త్ర జీవితం సైతం బాల్యంలో తాను తుపాకితో కొట్టిన ఒక పిచ్చుకతోనే ప్రారంభమైనది. ఆ పిచ్చుక జాతి ఏదో తెలుసుకొనుటకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళిన ఆ బాలుడే 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసినవాడు, తరువాత దేశంలోని ఎన్నో అభయారణ్యాలకు అండగా నిలిచినవాడు. తుపాకి పట్టడం ఆ తరంవారికి సామాన్యమే. దానిని క్రింద పెట్టినవారిని గూర్చియే మనం తెలుసుకోవలసి ఉన్నది.

ఏక్లీ బుద్ధి ఒక్కచోట నిలిచేది కాదు. చికాగో మ్యూజియం భవనపు గోడలు పెచ్చులూడిపోతుంటే, సిమెంటును గొట్టం గుండా గాలి ఒత్తిడితో చిమ్మే యంత్రాన్ని కనిపెట్టాడు. సొరంగాలలో, కాలువగట్లమీద నేడు ఇంజనీర్లు వాడే పద్ధతికి మూలం అదే. ఆఫ్రికాలో పరుగెత్తే జంతువును వెంబడించలేని సినిమా కెమేరాలతో విసిగి, కొత్త కెమేరాను తానే నిర్మించి 1915లో పేటెంటు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం దానిని వాడింది. ధ్రువప్రాంత ప్రజలపై ఫ్లాహర్టీ తీసిన ప్రసిద్ధ చిత్రం నానూక్ చిత్రీకరణలోనూ అది ఉపయోగపడింది.

1909లో న్యూయార్కులోని అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో చేరి, ఏనుగుల కొరకు మళ్ళీ ఆఫ్రికాకు ప్రయాణమయ్యాడు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అప్పుడు అక్కడ వేటలో ఉండి ఆయనకు తోడ్పడ్డాడు. 1910లో కెన్యా పర్వత సానువులలో ఒక ఏనుగు ఏక్లీపై విరుచుకుపడింది. దాని రెండు దంతాల నడుమ చిక్కుకొని, నేలకు అదుముకొని, ముఖం చీలి, ప్రక్కటెముకలు విరిగి ఆయన స్పృహ తప్పాడు. వెంట ఉన్నవారు మరణించాడనే తలచారు. వార్త విన్న డీలియా చీకటిలో వానలో అడవిదారిన నడిచి వచ్చి ఆయనను బ్రతికించుకున్నది. నెలల తరబడి మంచం పట్టిన ఆ కాలంలోనే ఆయనకు ఒక మహాసంకల్పం కలిగింది. ఆఫ్రికా ఖండపు జంతువులనన్నింటినీ, వాటి వాటి అడవులతో సహా, ఒకే విశాలమందిరంలో చూపించాలి. ఆ మందిరంలో గొరిల్లాకు ప్రత్యేకస్థానం ఉండాలి.

గొరిల్లాను గూర్చి లోకానికి తెలిసినది స్వల్పం, కల్పించుకున్నది అనల్పం. పందొమ్మిదవ శతాబ్దపు యాత్రికుడు డు షాయూ వర్ణనల మూలాన అది మనుషులను చీల్చి చంపే రాక్షసి అన్న అభిప్రాయం పాతుకొని పోయింది. విరుంగాలోని కొండ గొరిల్లా అయితే 1902లో గాని పాశ్చాత్య శాస్త్రజ్ఞుల దృష్టికి రాలేదు. ఫాన్ బెరింగె అనే జర్మన్ సైనికాధికారి సబిన్యో కొండమీద రెండింటిని కాల్చి చంపాడు; ఆ జాతికి ఆయన పేరే పెట్టారు. చంపినవాని పేరు చచ్చిన జాతికి! స్థానిక ప్రజలకు తరతరాలుగా తెలిసిన జంతువును కనుగొన్న కీర్తి మాత్రం తుపాకి పట్టినవానిది.

1921లో ఏక్లీ విరుంగా చేరుకున్నాడు. వెంట హెర్బర్ట్ బ్రాడ్లీ దంపతులు, వారి ఆరేళ్ళ కుమార్తె కూడా ఉన్నారు. పసిపిల్లను వెంటబెట్టుకొని రాగలిగినంత సాధుజంతువు గొరిల్లా అని నిరూపించడం కూడా ఆయన ఉద్దేశాలలో ఒకటి. మికెనో, కరిసింబి సానువులలో దురదగొండి పొదలను చీల్చుకొంటూ, ఏటవాలు లోయల అంచులను పట్టుకొని ప్రాకుతూ వెదకి గొరిల్లాలను చంపడం మొదలుపెట్టారు. మికెనో ముసలివాడని ఆయన పేరు పెట్టిన పెద్ద మగ గొరిల్లా ముఖాన్ని అచ్చు తీస్తున్నప్పుడు ఆయన మనసు చలించింది. ఆ ముఖం సౌమ్యంగా ఉన్నది. హంతకుడినన్న భావం తనను ఆవరించకుండా ఉండడానికి తన శాస్త్రాభిమానాన్నంతా కూడదీసుకోవలసి వచ్చిందని 1923లో వెలువడిన తన గ్రంథంలో ఆయనే వ్రాసుకున్నాడు. మరొకనాడు తల్లి గొరిల్లా తుపాకి దెబ్బకు నేలకొరిగింది. వెంట ఉన్నవారి ఈటెలకు దాని పిల్ల బలి అయింది. ప్రాణం పోతున్న ఆ పిల్ల ముఖంలోని దైన్యం ఆయనను విడువలేదు.

ఐదింటితో ఆయన ఆగిపోయాడు. తర్వాత తుపాకి ప్రక్కనపెట్టి తన కెమేరాను ఎత్తుకొని మికెనో సానువులపై గొరిల్లాల కుటుంబాన్ని చిత్రీకరించాడు. అడవిలో స్వేచ్ఛగా ఉన్న గొరిల్లాలు సినిమా ఫిల్ముపైకి ఎక్కడం అదే మొదటిసారి. మనిషి తరిమితే తప్ప అది మనిషి జోలికి రాదని ఆయన గ్రహించాడు. ఈ కొండలలో మిగిలి ఉన్నవి వందకు మించవని ఆయన అంచనా. ఆ సంవత్సరమే స్వీడన్ రాకుమారుడు విల్హెల్మ్ ఇదే ప్రాంతంలో పధ్నాలుగు గొరిల్లాలను చంపుకొని పోయాడు. ఈ తీరున పోతే ఎన్నేళ్ళు పడుతుంది? లెక్క కష్టమైనది కాదు. మ్యూజియంలో ఎంత నిపుణంగా నిలబెట్టినా ఐదు చర్మాలు ఒక జాతి కాలేవని టాక్సిడెర్మీలో ఆనాడు అగ్రగణ్యుడైన మనిషికే తెలిసివచ్చింది.

అమెరికాకు తిరిగివచ్చిన నాటి నుండి ఏక్లీ ఒకటే పట్టు పట్టాడు. మికెనో, కరిసింబి, విసోకె అనే మూడు శిఖరాల నడుమ ఉన్న అడవిని గొరిల్లాల రక్షణకూ శాస్త్ర పరిశోధనకూ శాశ్వతంగా కేటాయించాలి. ఆ భూమి అప్పుడు బెల్జియం వలస. వాషింగ్టనులోని బెల్జియం రాయబారి ఆయన మాటను ఆదరించాడు. బెల్జియం రాజు మొదటి ఆల్బర్ట్ 1919లో అమెరికా పర్యటనలో అక్కడి జాతీయోద్యానాలను స్వయంగా చూసి ఉండడం కలిసివచ్చింది. 1925 ఏప్రిల్ 21న రాజశాసనం వెలువడింది. రాజు పేరిట ఆల్బర్ట్ జాతీయోద్యానం ఏర్పడింది. ఆఫ్రికా ఖండంలో మొట్టమొదటి జాతీయోద్యానం ఇదే.

ఇక్కడ ఒక విషయం దాచరాదు. ఈ ఆల్బర్ట్ రాజుకు పెదతండ్రి లియోపోల్డ్. రబ్బరు కొరకు కాంగో ప్రజల రక్తాన్ని పీల్చిన ప్రభువు. గొరిల్లాకు లభించిన రక్షణ ఆ దేశపు మనిషికి అంతకు ముందు లభించలేదు. ఉద్యానం హద్దులు గీసినప్పుడు, ఆ అడవినే నమ్ముకొని బ్రతికే బాత్వా అనే పొట్టిజాతి వారిని గాని, కొండ అడుగున సేద్యం చేసుకొనే రైతులను గాని అడిగినవారు లేరు. మన పెద్దలు అమానత్ అనే మాట వాడతారు. తన దగ్గర ఉంచబడిన పరుల సొత్తు అని దాని అర్థం. అడవి అటువంటి అమానత్ అని ఏక్లీ గుర్తించాడనవచ్చు. కాని దానిలో బాత్వాలకూ హక్కు ఉన్నదన్న విషయం ఆయనకూ, ఆయన మాట విన్న రాజుకూ తోచలేదు. తరువాతి కాలంలో ఆ ఉద్యానం ఎదుర్కొన్న కష్టాలలో కొన్నింటికి మూలం ఇక్కడే ఉన్నదని నేను తలుస్తాను.

1926లో ఏక్లీ మళ్ళీ బయలుదేరాడు. డీలియాతో వివాహబంధం అప్పటికే తెగిపోయింది. రెండవ భార్య మేరీ జోబ్, చిత్రకారుడు విలియం లీ వెంట ఉన్నారు. ఉద్యానాన్ని పరిశీలించుటకు బెల్జియం తరఫున డెర్షీడ్ అనే జంతుశాస్త్రజ్ఞుడు కలిశాడు. గొరిల్లాల దృశ్యానికి వెనుక తెరపై చిత్రించవలసిన కొండలను చూచి వ్రాసుకోవడం, మొక్కల నమూనాలు సేకరించడం, గొరిల్లాల సంఖ్యను అంచనా వేయడం ఈ యాత్ర లక్ష్యం. దారిలోనే ఆయనకు జ్వరం తగిలింది. అరవై రెండేళ్ళ వయస్సు, చిరుతపులీ ఏనుగూ నుజ్జు చేసిన శరీరం. వెనుకకు మరలుమని ఎందరు చెప్పినా వినలేదు. ఆఖరుకు మోసుకొని కబారా చేర్చవలసి వచ్చింది. 1921లో తాను గుడారం వేసుకున్న ఆ మైదానంలోనే, నవంబరు 17న, చలిలో, రోగంతో కన్నుమూశాడు. అగ్నిపర్వతపు రాతినేలను త్రవ్వి అక్కడనే ఖననం చేశారు.

మేరీ కొండ దిగిపోలేదు. కొన్ని వారాలు అక్కడనే ఉండి, భర్త తలపెట్టిన పనిని పూర్తిచేయించింది. ఆ తర్వాత ఉద్యానాన్ని విస్తరింపజేయాలని కృషి చేసింది. 1929లో అది ఎంతో విశాలమైనది. న్యూయార్కులో ఆయన స్వప్నించిన మందిరం 1936లో ఏక్లీ పేరిటనే ప్రారంభమైనది. మధ్యలో ఏనుగుల గుంపు. చుట్టూ అద్దాల వెనుక ఆఫ్రికా. గొరిల్లాల దృశ్యంలో లీ చిత్రించిన కొండలకు సమీపంలోనే ఏక్లీ సమాధి ఉన్నది. 1924లో ఏక్లీ చెక్కిన మరొక శిల్పాన్ని కూడా చెప్పుకోవాలి. గొరిల్లా చర్మాన్ని చీల్చుకొని ఒక మనిషి వెలికి వస్తున్నట్లు ఉంటుంది అది. కళాపరిషత్తు దానిని ప్రదర్శనకు తిరస్కరించింది. మనిషికీ మృగానికీ ఉన్న చుట్టరికాన్ని బాహాటంగా చూపడం అప్పటి పెద్దలకు మింగుడుపడలేదు.

కబారా మైదానం తర్వాత కూడా ఊరక ఉండలేదు. 1959-60లో జార్జ్ షాలర్ అక్కడ బస చేసి, తుపాకి లేకుండా గొరిల్లాల మధ్య తిరిగి వాటి జీవితాన్ని శాస్త్రీయంగా పరిశీలించాడు. 1967 ఆరంభంలో డయాన్ ఫాసీ అక్కడనే తన పరిశోధన మొదలుపెట్టి, కాంగోలోని అల్లకల్లోలం వలన ఆ సంవత్సరమే సరిహద్దు దాటి రువాండాకు మారింది. వేటగాండ్రతో పోరాడిన ఆమె 1985 డిసెంబరులో తన కుటీరంలోనే హత్యకు గురి అయింది. ఇంతలో స్వాతంత్ర్యం వచ్చి ఉద్యానం రెండు దేశాల మధ్య చీలింది. కాంగో భాగం 1969లో విరుంగా జాతీయోద్యానమైనది. 1979లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. పర్వతాల అడుగున హిప్పోలు ఈదే ఎడ్వర్డ్ సరస్సు, ఏనుగులు మేసే రువింది మైదానం, ఉత్తరాన ఒకాపి అనే వింతజంతువు దాగి ఉండే అడవులు అన్నీ అందులోనివే. రువాండా భాగం అగ్నిపర్వతాల జాతీయోద్యానం. అక్కడ 1960ల చివరలో, పురుగుల మందు తీసే పైరెత్రం పూల సేద్యానికై వేల హెక్టార్ల అడవిని నరికివేశారు. విరుంగా ఉద్యానంలో కాపలా కాస్తూ ప్రాణాలర్పించిన ఉద్యోగుల సంఖ్య రెండువందలకు పైబడింది. వారంతా ఆ దేశపు బిడ్డలే.

ఇన్ని విపత్తుల నడుమ గొరిల్లా మిగిలింది. 1980ల ఆరంభంలో ఈ కొండలలో వాటి సంఖ్య రెండువందల యాభై ప్రాంతానికి పడిపోయింది. 2015-16లో జరిపిన లెక్కింపులో 604 తేలినవి. ఉగాండాలోని బ్విండి అడవిలో ఉన్నవాటిని కలుపుకొంటే వెయ్యి దాటుతాయి. రువాండా వైపున నేడు యాత్రికులు కొండ ఎక్కి గొరిల్లాలను చూచి వస్తున్నారు. ఒక్కొక్క కుటుంబం వద్దకు రోజుకు ఒక చిన్న బృందాన్ని, ఒక గంట సేపు మాత్రమే పోనిస్తారు. మన జలుబు సైతం వాటికి ప్రాణాంతకం కావచ్చును గనుక కొన్ని మీటర్ల దూరంలోనే నిలబెడతారు; ఒంట్లో నలతగా ఉన్నవారిని కొండ ఎక్కనివ్వరు. తుపాకి ఉండేది కాపలావాని చేతిలో మాత్రమే.